సన్మానాలు సరే, రింగ్ పక్కన డాక్టరేరి?

గౌరవనీయులైన తెలంగాణ క్రీడాశాఖ మంత్రిగారికి,



జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉద్యోగం అయిపోయినా ఊళ్ళోవాళ్ళు నన్ను ఒక మాట అడగడం మానలేదు. "మా పిల్ల బాక్సింగ్ నేర్చుకుంటానంటోంది టీచర్, పంపొచ్చా?" అని. అడిగింది తల్లి అయితే వెంటనే ఇంకో మాట వస్తుంది: "ముక్కు పగిలితే రేపు సంబంధాలు ఎట్ల వస్తయి?" తండ్రి అయితే, "ఆడపిల్లకు కొట్లాట నేర్పుడు అవసరమా?" అంటాడు. ఈ రెండింటికీ నా దగ్గర జవాబుంది, చెబుతూనే ఉన్నాను. కానీ అన్నీ విన్నాక కొందరు తల్లిదండ్రులు లేచి వెళ్ళబోతూ ఒకటి అడుగుతారు: "అక్కడ తలకు దెబ్బ తగిలితే చూసేటోళ్ళు ఉన్నరా?" దానికి నేను జవాబు చెప్పలేను. చెప్పాల్సింది మీరు. అందుకే ఈ లేఖ.

ఆడవాళ్ళు బాక్సింగ్ పోటీల్లో దిగవచ్చా లేదా అన్న ప్రశ్నకు మన రాష్ట్రం ఎప్పుడో జవాబు చెప్పేసింది. 2022 మే నెలలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అప్పటి ప్రభుత్వం రెండు కోట్ల రూపాయల నగదు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024లో ఇప్పటి ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. పార్టీలు మారినా శాలువా మారలేదు, సంతోషం. దేశం సంగతి చూసినా అంతే. ఒలింపిక్స్‌లో భారత బాక్సింగ్‌కు ఇప్పటిదాకా వచ్చినవి మూడే పతకాలు. 2008లో విజేందర్ సింగ్, 2012లో మేరీ కోమ్, టోక్యోలో లవ్లీనా బొర్గొహెయిన్. మూడింట్లో రెండు ఆడవాళ్ళవి. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మనకొచ్చిన నాలుగు పతకాలూ అమ్మాయిలు తెచ్చినవే. జాస్మిన్ లంబోరియా, మీనాక్షి హుడా స్వర్ణాలు గెలిచారు. నూపుర్ షెవొరాన్‌కు రజతం, పూజా రాణికి కాంస్యం దక్కాయి.

ఇన్ని చూశాక కూడా ఆ ప్రశ్న మా ఊళ్ళల్లో ఎందుకు బతికుంది? జనానికి తెలివి లేక కాదు. గెలిచిన అమ్మాయిని టీవీలో చూస్తున్నారు. గెలవడానికి ముందు తమ పిల్ల రోజూ సాయంత్రం ఎక్కడికి వెళ్తుందో, ఎవరి చేతికింద ఉంటుందో, దెబ్బ తగిలితే ఏమవుతుందో మాత్రం వాళ్ళకెవరూ చూపించలేదు. పతకం వచ్చాక ఇచ్చేది సన్మానం. రాకముందు ఇచ్చేదే క్రీడావిధానం. మొదటిదానికి మన ప్రభుత్వాలు ఎన్నడూ వెనకాడలేదు. నేనడిగేది రెండోదాని గురించి.

ఆడవాళ్ళను రింగ్‌లోకి రానివ్వకుండా ఆపినవాళ్ళు ప్రపంచమంతటా ఒకే మాట చెప్పారు: "మీ క్షేమం కోసమే." ఆ క్షేమం కథ కాస్త వినండి.

బ్రిటన్‌లో జేన్ కౌచ్ అనే బాక్సర్ విదేశాల్లో గెలిచి వచ్చినా సొంత దేశంలో ప్రొఫెషనల్ లైసెన్సు ఇవ్వలేదు. 1998లో ఆమె ట్రిబ్యునల్‌కు వెళ్తే అక్కడి బాక్సింగ్ బోర్డు వాదన ఏమిటో తెలుసా? నెలసరి ముందు ఆడవాళ్ళ మనసు నిలకడగా ఉండదు, అందుకని రింగ్‌లోకి దించడం ప్రమాదం అని! ట్రిబ్యునల్ ఆ వాదనను పక్కన పెట్టి ఆమె పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడాది చివర్లో ఆమె లండన్‌లో లైసెన్సుతో బౌట్ ఆడింది. నెలసరి రోజుల్లో నాట్లు వేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి వంట చేసే మన ఆడవాళ్ళకు ఈ వాదన వినిపిస్తే ఏమంటారో మీరే ఊహించండి.

ఒలింపిక్స్ సంగతి ఇంకా ఆలస్యం. మహిళలకు ప్రపంచ పోటీలు 2001లోనే అమెరికాలోని స్క్రాంటన్‌లో మొదలయ్యాయి. మేరీ కోమ్ మొదటి ప్రపంచ పతకం, రజతం, అక్కడిదే. అయినా 2005లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ బీజింగ్ క్రీడలకు మహిళా బాక్సింగ్‌ను ఒప్పుకోలేదు. 2009 ఆగస్టులో ఒప్పుకుంది, 2012 లండన్‌లో మొదలైంది. అప్పుడు కూడా మగవాళ్ళకు 10 బరువు విభాగాలుంటే ఆడవాళ్ళకు మూడే. 48 కిలోల దగ్గర ఎదురులేని మేరీ కోమ్ ఆ విభాగం లేక 51 కిలోలకు వెళ్ళి, తనకంటే పొడుగూ బరువూ ఉన్నవాళ్ళతో తలపడి కాంస్యం తెచ్చింది. క్షేమం గురించి అంత ఆలోచించినవాళ్ళు చిన్న ఒంటి అమ్మాయిని పెద్ద ఒంటి అమ్మాయితో తలపడేలా చేయడం ప్రమాదమని ఎందుకు అనుకోలేదు? పైగా అదే రోజుల్లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం తీరిక చేసుకుని మరో ఆలోచన చేసింది. ఆడవాళ్ళు నిక్కర్లకు బదులు స్కర్టులు వేసుకుంటే చూడ్డానికి తేడా తెలుస్తుందట! గోల లేచాక, ఇష్టమున్నవాళ్ళు వేసుకోవచ్చని సర్దుకుంది.

క్యూబాను చూడండి. నలభైకి పైగా ఒలింపిక్ బాక్సింగ్ స్వర్ణాలున్న దేశం. చదువుల్లో, వైద్యంలో ఆడవాళ్ళకు ముందు వరస ఇచ్చామని చెప్పుకునే దేశం. అక్కడి అమ్మాయిలకు పోటీల్లో దిగే అనుమతి వచ్చింది 2022 డిసెంబరులో. అప్పటికి నిఖత్ ప్రపంచ ఛాంపియనై ఆరు నెలలు దాటింది. విప్లవాలు చేసిన చోట కూడా ఈ తలుపు చివర్లోనే తెరుచుకుంది.

ఇన్నేళ్ళ ఈ క్షేమచింతలో నాకు కనిపించనిది ఒకటే, క్షేమం. ఆడవాళ్ళను ఆపడానికి దాని పేరు వాడుకున్నారు. ఆడేవాళ్ళకు దాన్ని సమకూర్చడానికి మాత్రం చేతులు రాలేదు.

ఇప్పుడు అసలైన అభ్యంతరం దగ్గరికొస్తాను. బాక్సింగ్ ప్రమాదకరమైన ఆట. దీన్ని దాచి ఆడపిల్లల పక్షాన వాదించడం నాకు చేతకాదు. కబడ్డీలో కాలు బెణుకుతుంది, క్రికెట్‌లో బంతి తగులుతుంది. కానీ అక్కడ దెబ్బ తగలడం ఆటలో జరిగే పొరపాటు. బాక్సింగ్‌లో దెబ్బ కొట్టడమే ఆట. తలపై గుద్దు పడ్డప్పుడు పుర్రె లోపల మెదడు కదులుతుంది. బయటికి గాయం కనపడదు, లోపల తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, మాట తడబడుతుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లలో నడక, మాట, జ్ఞాపకం దెబ్బతినడాన్ని 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు రాసిపెట్టాడు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1980ల నుంచి బాక్సింగ్‌నే నిషేధించమంటోంది. 2011లో అమెరికా, కెనడాల పిల్లల వైద్యుల సంఘాలు రెండూ కలిసి, పిల్లలకూ కౌమారంలో ఉన్నవాళ్ళకూ బాక్సింగ్ వద్దని చెప్పాయి.

తలకు హెడ్‌గేర్ ఉంటుంది కదా అని కొందరు కోచ్‌లు తల్లిదండ్రులకు ధైర్యం చెబుతుంటారు. హెడ్‌గేర్ కనుబొమ్మ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. 2005లో అమెరికాలోని కొలరాడోలో బెకీ జెర్లెంటెస్ అనే 34 ఏళ్ళ బాక్సర్ అమెచ్యూర్ బౌట్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయింది. ఆమె హెడ్‌గేర్ పెట్టుకునే ఉంది. ఈ ఆట పక్షాన మాట్లాడేవాళ్ళు ఆమె పేరు మరచిపోకూడదు.

అయితే మంత్రిగారూ, ఈ వైద్యులు చెప్పినవాటిలో ఎక్కడైనా "ఆడవాళ్ళకు మాత్రమే" అన్న మాట ఉందా? మార్ట్‌లాండ్ చూసినవాళ్ళు మగవాళ్ళు. బ్రిటిష్ వైద్యులు వద్దంది ఆట మొత్తాన్ని. ఆట మొత్తం వద్దనేవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది, వాళ్ళతో కూర్చుని వాదిస్తాను. కొడుకును పంపి కూతురిని ఆపేవాళ్ళ చేతిలో ఉన్నది మాత్రం వైద్యం కాదు. మెదడుకు ఆడా మగా తేడా లేకుండా దెబ్బ తగులుతుంది. అయితే కొన్ని ఆటల్లో జరిగిన అధ్యయనాలు ఆడవాళ్ళకు తలదెబ్బ నుంచి కోలుకోవడానికి ఎక్కువ రోజులు పట్టవచ్చని చెబుతున్నాయి. అలాంటప్పుడు వాళ్ళకు ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలి, మెడ కండరాలకు ఎక్కువ కసరత్తు చేయించాలి. దాని అర్థం అంతే.

మగవాళ్ళ విషయంలో లోకం ఏం చేసిందో గమనించండి. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో రే మాన్సినీతో ప్రపంచ టైటిల్ బౌట్ ఆడిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ పద్నాలుగో రౌండ్‌లో కుప్పకూలాడు. కొద్ది రోజులకు చనిపోయాడు. మగవాళ్ళకు బాక్సింగ్ వద్దని ఎవరూ నిషేధం పెట్టలేదు. ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ బౌట్లను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది. తర్వాత మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. మగవాడికి ప్రమాదం వస్తే నియమం మారింది. ఆడదానికి ప్రమాదం రావచ్చని అనుమానం వస్తే తలుపు మూసుకుంది. నేనడిగేది ఆ మొదటి పద్ధతి. ప్రమాదం ఉందంటారా? నియమం మార్చండి, డాక్టర్‌ను పెట్టండి, విశ్రాంతి ఇవ్వండి. మగపిల్లలకు చేసినట్టే.

ఆడపిల్లల బాక్సింగ్ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని సమర్థించడానికి రెండు కారణాలు చెప్పడం అందరికీ అలవాటైంది. ఒకటి ఆత్మరక్షణ, రెండోది పతకం. నాకు రెండూ సరిపడవు. రోడ్డు మీద అమ్మాయికి భద్రత కల్పించాల్సింది పోలీసులు, వీధిదీపాలు, రాత్రిపూట నడిచే బస్సులు. పన్నెండేళ్ళ పిల్ల పిడికిలి మీద ఆ భారం వేసి మనం చేతులు దులుపుకోవడం ఏం న్యాయం? పైగా రింగ్‌లో నేర్చేది నియమాలకు కట్టుబడి ఒకే బరువున్న మనిషితో ఆడటం. రోడ్డు మీద వెంటపడేవాడు బరువు చూసుకుని రాడు. ఇక పతకం. క్రికెట్ బ్యాట్ పట్టుకున్న ప్రతి అబ్బాయినీ "నువ్వు దేశానికి ఆడతావా?" అని అడగం. ఆడుకోనీ అంటాం. అమ్మాయి గ్లవ్స్ కట్టుకోగానే ఆమె నుంచి కారణం కావాలి, దేశానికి లాభం కావాలి. పతకం రాని అమ్మాయికి కూడా ఈ ఆట ఆడే హక్కుంది. జిల్లా స్థాయిలోనే ఓడిపోయి, ఆ తర్వాత డిగ్రీ చదివి ఉద్యోగం చేసుకునే అమ్మాయికి కూడా. నిజానికి అలాంటివాళ్ళే ఎక్కువమంది ఉంటారు. మీ విధానం వాళ్ళ కోసం ఉండాలి.

నిఖత్ కథ అందరికీ తెలిసిందేనని వదిలేయకుండా అందులో ఒక భాగం మీ ముందు పెడతాను. నిజామాబాద్ కలెక్టర్ గ్రౌండ్‌లో ఆటలపోటీలు జరుగుతుంటే అన్ని ఆటల్లో అమ్మాయిలు కనిపించి బాక్సింగ్‌లో కనిపించకపోవడం చూసి, అమ్మాయిలు బాక్సింగ్ ఆడరా అని ఆమె తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగిందట. ఆయన స్వయంగా ఆటగాడు కాబట్టి ఆ ప్రశ్న కూతురి భవిష్యత్తయింది. ఊళ్ళో షంసాముద్దీన్ అనే కోచ్ ఉన్నాడు కాబట్టి నేర్పాడు. అమ్మాయిలు లేక ఆమె అబ్బాయిలతోనే ప్రాక్టీస్ చేసింది. దెబ్బలతో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి ఏడ్చి, పెళ్ళెలా అవుతుందని బాధపడిందని ఆ కుటుంబమే చెప్పుకుంది. 2011లో నిఖత్ టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజం గాయం ఏడాదిపాటు ఆటకు దూరం చేసింది. ఇందులో ఆటగాడైన తండ్రి, పక్కనే ఒక కోచ్, నడిచి వెళ్ళగలిగే గ్రౌండ్ ఉన్నాయి. ఈ మూడూ ఒకేచోట దొరకడం అదృష్టం. రాష్ట్రం మొత్తాన్ని ఒకే ఇంటి అదృష్టం మీద నడపలేం. పైగా పతకం గెలిచినా అందరి పేర్లూ జనానికి చేరవు. విశాఖపట్నం నుంచి వచ్చిన బాక్సర్ ఎన్. ఉష 2008లోనే చైనాలోని నింగ్బోలో ప్రపంచ రజతం గెలిచింది. 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చేదాకా ఆమె పేరు మన తెలుగు ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు?

నిఖత్ కథలో ఇంకో ఘట్టం ఉంది. మంత్రికి ఉత్తరం రాయడం ఈ ఆటలో నేను మొదలుపెట్టింది కాదు. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్లకు ట్రయల్స్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపుతారన్న మాట వచ్చినప్పుడు, అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరెన్ రిజిజుకు నిఖత్ బహిరంగంగా లేఖ రాసింది. అడిగింది సీటు కాదు, ఒక బౌట్. పెద్ద ఛాంపియన్ మీదే నోరెత్తిందని చాలామంది కోప్పడ్డారు. ఆ డిసెంబరులో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. మూడేళ్ళు తిరగకుండానే ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో రెండోసారి. పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది. ఆ వూ యూ చివరికి స్వర్ణం గెలిచింది. పోటీలో దిగే హక్కంటే గెలిచే హక్కు కాదు. అందరి ముందు, నియమాల ప్రకారం, తన బలం ఎంతో తేల్చుకుని ఓడిపోయే హక్కు కూడా. మన ఇళ్ళల్లో మగపిల్లలకు ఆ హక్కు పుట్టుకతో వస్తుంది. ఓడి వచ్చినవాడికి "మళ్ళీ ఆడు" అంటాం. ఓడి వచ్చిన ఆడపిల్లకు "చెప్పాం కదా" అంటాం.

ఇక నేను అడగదలచుకున్నవి. నేను స్టేడియాలు అడగడం లేదు. హకీంపేట క్రీడాపాఠశాల, ఎల్బీ స్టేడియం ఉన్నాయి. నిజామాబాద్ ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో వేలమంది ఆడపిల్లలు ఒకే కప్పు కింద ఉండి చదువుకుంటున్నారు. ఈ ఏర్పాట్లకు తోడు కావాల్సినవి ఇవి.

మొదటిది, తల. 14 ఏళ్ళలోపు పిల్లలకు, ఆడైనా మగైనా, తలపై గుద్దే స్పారింగ్ వద్దని ఉత్తర్వు ఇవ్వండి. ఆ వయసులో నేర్పాల్సింది చాలా ఉంది. అడుగులు వేయడం, గార్డ్ పట్టడం, తాడు ఆట, బ్యాగ్ మీద జబ్, ఒంటి కింది భాగం కసరత్తు. ఈ నియమం చిన్నపిల్లల మెదడును కాపాడుతుంది, తల్లుల భయానికి మీరిచ్చే మొదటి నిజమైన జవాబూ అవుతుంది. పిల్లల వైద్యులు కౌమారం దాటేదాకా వద్దంటున్నారని నాకు తెలుసు. అంతదూరం నేను వెళ్ళకపోవడానికి కారణం ఒక్కటే. మొత్తం ఆపేస్తే పిల్లలు ఆగరు, డాక్టరూ రికార్డూ లేని గదుల్లో నేర్చుకుంటారు. ఆపడం కన్నా కళ్ళముందు ఉంచుకోవడం మేలు.

రెండోది, డాక్టర్. జిల్లా స్థాయి నుంచి పైకి ఏ బౌట్ అయినా రింగ్ పక్కన డాక్టర్, ఆవరణలో అంబులెన్స్ లేకుండా గంట కొట్టకూడదు. నాకౌట్ అయిన బాక్సర్‌ను కనీసం 30 రోజులు రింగ్‌లోకి దించకూడదన్నది ఈ ఆటలో అందరికీ తెలిసిన వైద్య నియమం. పోటీల్లో అది కాగితం మీద ఉంటుంది. శిక్షణ శిబిరంలో స్పారింగ్ చేస్తూ పడిపోయిన పిల్లకు మర్నాడే గ్లవ్స్ కట్టిస్తే అడిగేవాళ్ళు లేరు. ప్రతి పిల్లకూ ఒక రికార్డు పుస్తకం ఉండాలి. పోటీలో తగిలిన దెబ్బా, శిబిరంలో తగిలిన దెబ్బా రెండూ అందులో ఎక్కాలి. ఆ పుస్తకం లేకుండా ఎవరూ రింగ్ ఎక్కకూడదు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక సంతకం చాలు.

మూడోది, రక్తం, బరువు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఉదయం ప్రార్థన సమయంలో ఎండలో నిలబడలేక కళ్ళు తిరిగి పడిపోయే ఆడపిల్లలను నేను నా ఉద్యోగమంతా చూశాను. అలాంటి పిల్లను బరువు తగ్గమని నీళ్ళు మాన్పించి, చెమట పట్టేలా పరిగెత్తించి తూకం దగ్గరికి తీసుకెళ్తే అది ఆట కాదు. పాఠశాల స్థాయిలో బరువు తగ్గించి ఆడటం పూర్తిగా ఆపండి. ఆ నెల ఏ బరువులో ఉంటే ఆ విభాగంలోనే ఆడాలి. నెలసరి రోజుల్లో ఒంట్లో నీరు చేరి బరువు అటూఇటూ అవుతుంది. ఆ సంగతి కోచ్‌కు చెప్పుకోగలిగే పరిస్థితి ఉండాలి. శిక్షణకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, తక్కువ ఉన్నవాళ్ళను ఇంటికి పొమ్మనకుండా, గుడ్డు, పాలు, మాత్రలు ఇచ్చి కొన్ని నెలలు కసరత్తుకే పరిమితం చేయండి. రింగ్ పేరుతోనైనా ఒక పిల్ల రక్తం పెరిగితే అదీ లాభమే.

నాలుగోది మాట్లాడటానికి ఇబ్బందిగా ఉన్నా మాట్లాడాల్సింది. 2023లో మన దేశపు పేరున్న మహిళా రెజ్లర్లు లైంగిక వేధింపులకు నిరసనగా ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ఆటల్లో ఆడపిల్లకు ఎదురయ్యే ప్రమాదాలన్నీ రింగ్‌లోనే ఉండవని దేశమంతా చూసింది. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నివారణ చట్టం క్రీడాసంస్థలు, స్టేడియాలు, శిక్షణ స్థలాలను కూడా పని ప్రదేశాలుగానే లెక్కిస్తుంది. మన రాష్ట్రంలో ప్రతి శిక్షణ కేంద్రంలో ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో, దాని సభ్యుల పేర్లు గోడ మీద రాసున్నాయో లేదో ఒక్కసారి లెక్క తీయించండి. అమ్మాయిలున్న ప్రతి కేంద్రంలో ఒక మహిళా కోచ్, ప్రయాణాల్లో వెంట ఒక మహిళ తప్పనిసరి చేయండి. మహిళా కోచ్‌లు దొరకరని అధికారులు చెబుతారు. జిల్లా స్థాయిలో ఆడి మానేసిన అమ్మాయిలు ఎక్కడున్నారో వెతికి, శిక్షణ ఇప్పించి ఉద్యోగాలివ్వండి, దొరుకుతారు. పతకం రాని అమ్మాయికి ఈ ఆట ఏమిచ్చిందన్న ప్రశ్నకు అదీ ఒక జవాబు.

అయిదోది సమానత్వం, లెక్కల్లో కనిపించే సమానత్వం. లండన్‌లో మూడు, టోక్యోలో అయిదు, పారిస్‌లో ఆరు విభాగాలు ఆడిన మహిళలకు 2028 లాస్ ఏంజెలెస్‌లో ఏడు ఉంటాయి, మగవాళ్ళకూ ఏడే. బాక్సింగ్‌లో ఒలింపిక్స్ సమానం కావడం ఇదే మొదటిసారి. మన పాఠశాల క్రీడల్లో, గురుకుల పోటీల్లో బాలికలకూ బాలురకూ అదే పద్ధతిలో సమాన విభాగాలు, సమాన సంఖ్యలో శిబిరం రోజులు, సమాన దినభత్యం ఇవ్వడానికి ఒలింపిక్ కమిటీ అనుమతి అక్కర్లేదు.

ఇవన్నీ చేస్తే నాలాంటివాళ్ళు ఆ తల్లికి చెప్పగలిగే మాట మారుతుంది. ముఖం మీద దెబ్బ గురించి నేను ఇప్పటికే చెబుతున్నాను: "ముక్కు పగిలిందని వదిలేసే సంబంధం వదిలిపోవడమే మంచిది." నవ్వుతారు, సగం నమ్ముతారు. తల గురించి అడిగినప్పుడు మాత్రం నవ్వించి తప్పించుకోలేను, తప్పించుకోకూడదు. ఆ తల్లి అడిగింది పాతకాలపు ప్రశ్న కాదు, బాధ్యతగల ప్రశ్న. అదే ప్రశ్న కొడుకు విషయంలో అడగడం కూడా ఆమె మొదలుపెడితే ఈ ఆట అందరికీ బాగుపడుతుంది. ఆడపిల్లలు రింగ్‌లోకి వచ్చాకే రింగ్ పక్కన డాక్టర్ ఏడని అడగడం మొదలైందంటే, వాళ్ళ రాక మగపిల్లలకూ మేలు చేసినట్టే.

మంత్రిగారూ, వచ్చే విద్యాసంవత్సరం పాఠశాల క్రీడల షెడ్యూలు వెలువడేలోగా రెండు కాగితాలు బయటికి రావాలని కోరుతున్నాను. ఒకటి తలదెబ్బలు, బరువు, రికార్డు పుస్తకాలపై ఉత్తర్వు. రెండోది ఏ జిల్లాలో ఏ కేంద్రంలో మహిళా కోచ్, డాక్టర్, ఫిర్యాదుల కమిటీ ఉన్నాయో, ఎక్కడ లేవో చెప్పే జాబితా. లేనిచోట లేదనే రాయండి, తప్పులేదు. ఆ జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే చాలు. పంపాలా వద్దా అన్నది చూసుకోవడం మా ఊరి తల్లిదండ్రులకు వచ్చు.

మీ జవాబు కోసం, అంతకంటే మీ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు